గోడ మీద ఉన్నది ఏ పర్మిట్?

అందరికీ నమస్కారం.

మనం అన్నిటినీ డేకేర్ అనేస్తాం. టెక్సస్ చట్టం అలా అనదు, ముందు పిల్లల్ని లెక్కపెడుతుంది, ఏ రకం పర్మిట్ అన్నది ఆ లెక్కనిబట్టే. డబ్బు తీసుకుని, తన ఇంట్లోనే, బంధువులు కాని పిల్లల్ని ముగ్గురి దాకా చూసుకుంటే అది లిస్టెడ్ హోమ్. ఆరుగురి దాకా అయితే రిజిస్టర్డ్ హోమ్. బడి వదిలాక వచ్చేవాళ్ళు ఇంకో ఆరుగురు ఉండొచ్చు. ఏడు నుంచి పన్నెండు మంది అయితే లైసెన్స్‌డ్ హోమ్. ఇల్లు కాని చోట ఏడుగురు, ఆపైన ఉంటే సెంటర్.

మనవాళ్ళలో తరచుగా వినే మాట: "ఆంటీ చాలా మంచివారండీ, నలుగురినే చూస్తారు." మంచివారే, కాదనను. కానీ ఆ నాలుగో పాపతో ఆవిడ లిస్టెడ్ గీత దాటేశారు. ఏదో ఒక సాయంత్రం పక్కింటి బాబుని చూసిపెట్టినందుకు ఎవరూ అడగరు. రోజుకి నాలుగు గంటలు, వారానికి మూడు రోజులు, వరసగా మూడు వారాలు చూస్తే మాత్రం చట్టం లెక్కలోకి వచ్చేస్తారు.

ఈ లెక్క ఎందుకంటారా? తనిఖీ దాన్నిబట్టే ఉంటుంది. సెంటర్‌కి ఏడాదికి ఒకసారైనా చెప్పకుండా వస్తారు. లిస్టెడ్ ఇంటికి మామూలుగా రారు, ఫిర్యాదు వస్తేనే. అంటే గోడ మీద పర్మిట్ ఉన్నా, ఆ ఇంటి గడప ఏ అధికారీ తొక్కి ఉండకపోవచ్చు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

ఇంకోటి. పిల్లలున్న వేళల్లో ఆ ఇంట్లో మసిలే పద్నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలి. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన తాతగారికి మినహాయింపు ఉందనుకోకండి.

సెంటర్లలో ఏడాది లోపు పసివాళ్ళు నలుగురికి ఒక మనిషి ఉండాలి. రెండేళ్ళు రాగానే అది పదకొండుకి ఒకరు! రెండేళ్ళ పిల్లాడొక్కణ్ణి పట్టుకోలేక మనం ఆపసోపాలు పడతాం. నన్నడిగితే ఆ అంకె మరీ ఎక్కువ. పసిగదిలో ఉయ్యాల మంచం మీద దుప్పటి కనబడదు, బిడ్డని వెల్లకిలా పడుకోబెడతారు. "చలికి ఏమీ కప్పలేదు" అని అమ్మమ్మలు గొడవ పెట్టకండి, ఊపిరాడకుండా పోతుందనే ఆ నియమం.

రాష్ట్ర హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్ సైట్లో తనిఖీ రిపోర్టులుంటాయి. దొరికిన లోపాల సంఖ్య చూసి బెదిరిపోకండి, పక్కనే ఉన్న తీవ్రత చదవండి. ఫైల్లో ఒక కాగితం లేకపోవడం వేరు, పిల్లల గదిలో పెద్దవాళ్ళు తక్కువవడం వేరు. తెరిచి ఉన్న వేళల్లో తల్లిదండ్రులు చెప్పకుండా వెళ్ళొచ్చు కూడా. నేనైతే మధ్యాహ్నం నిద్రవేళకి వెళ్ళి, తలలు లెక్కపెడతాను.