10 మెగాహెర్ట్జ్ నుంచి కచ్చితమైన వోల్టేజ్ వస్తుందా?

నమస్తే అండీ. బెంచ్ మీద రుబీడియం స్టాండర్డో, జీపీఎస్‌కి లాక్ అయిన ఆసిలేటరో, అంటే చాలా కచ్చితమైన 10 మెగాహెర్ట్జ్ ఇచ్చే పరికరం ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆశ పుడుతుంది. ఫ్రీక్వెన్సీ ఇంత కచ్చితంగా ఉంది కదా, దాన్నే వోల్టేజ్‌గా మార్చుకుంటే కచ్చితమైన వోల్టేజ్ ఇచ్చే రిఫరెన్స్ వేరే ఎందుకని. ఆ దారుల్నే ఈ వీడియోలో చూద్దాం.

మొదటిది ఎల్ఎం331 లాంటి ఫ్రీక్వెన్సీ టు వోల్టేజ్ కన్వర్టర్. 10 మెగాహెర్ట్జ్‌ని 100 కిలోహెర్ట్జ్‌కి దించి ఇవ్వాలి, అదేం సమస్య కాదు. స్క్రీన్ మీద ఫార్ములా చూడండి. ఫ్రీక్వెన్సీ ఉంది, రెసిస్టర్లు, కెపాసిటర్ ఉన్నాయి, మధ్యలో 2.09 వోల్టులు అని ఉంది. అవి చిప్ లోపలి రిఫరెన్స్ నుంచి వచ్చినవే! అది, కెపాసిటర్ రెండూ వేడికి కదులుతాయి. రుబీడియం కచ్చితత్వం బూడిదలో పోసిన పన్నీరే.

రెండోది పీడబ్ల్యూఎం, అంటే పల్స్ వెడల్పుని మార్చే పద్ధతి. నాకు నచ్చింది ఇదే. 7 వోల్టుల రిఫరెన్స్‌ని స్విచ్ చేసి, ఫిల్టర్ చేస్తే డ్యూటీ సైకిల్, అంటే ఒక్కో సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు, ఎంతో అవుట్‌పుట్ అంత. ఫ్లూక్ 5700ఏ కాలిబ్రేటర్ లోపల ఉన్నది కూడా పీడబ్ల్యూఎం డాకే, అంటే అంకెని వోల్టేజ్‌గా మార్చే సర్క్యూటే. కానీ ఇక్కడ క్లాక్ ఇచ్చేది నిష్పత్తి మాత్రమే, వోల్టులు ఆ రిఫరెన్స్‌వే. ఆ నిష్పత్తి కూడా ఊరికే రాదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 100 మైక్రోసెకన్లు. స్విచ్ ఆన్, ఆఫ్ ఆలస్యాల మధ్య ఒక్క నానోసెకను తేడా ఉన్నా 10 పీపీఎం, అంటే పది లక్షల్లో పది వంతులు పోయినట్టే. 1 కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే తప్పు 1 పీపీఎం అవుతుంది, ఫిల్టర్ మాత్రం పెద్దది కావాలి.

ఇక నిజంగా ఫ్రీక్వెన్సీ నుంచే వోల్టు పుట్టించేది జోసెఫ్‌సన్ జంక్షన్. 1962లో బ్రయన్ జోసెఫ్‌సన్ సిద్ధాంతపరంగా చెప్పాడు. రెండు సూపర్‌కండక్టర్ల (నిరోధం లేకుండా కరెంట్‌ని పోనిచ్చే పదార్థాల) మధ్య పల్చటి అడ్డు ఉండే ఈ జంక్షన్‌కి మైక్రోవేవ్ ఇస్తే వోల్టేజ్ మెట్లుగా వస్తుంది. మెట్టు ఎత్తు కావాలంటే ఫ్రీక్వెన్సీని వోల్టుకి 483597.8484 గిగాహెర్ట్జ్‌తో భాగించండి. 2019లో ప్లాంక్ స్థిరాంకాన్ని, ఎలక్ట్రాన్ చార్జ్‌ని ఖాయం చేశాక ఈ అంకె కూడా ఖాయమే. 75 గిగాహెర్ట్జ్‌కి మెట్టు 155 మైక్రోవోల్టులు. మన 10 మెగాహెర్ట్జ్‌కైతే లెక్క ప్రకారం 21 నానోవోల్టులు కూడా లేదు! అందుకే 10 వోల్టులకి వేల జంక్షన్లు వరుసగా కలుపుతారు, నియోబియం చిప్‌ని 4 కెల్విన్ దగ్గర ఉంచుతారు. ఇంట్లో అయ్యే పని కాదు.

కాబట్టి నేనైతే కాలిబ్రేట్ చేయించిన ఎల్‌టీజెడ్1000 (7 వోల్టుల రిఫరెన్స్ చిప్) బోర్డు తీసుకుంటాను, 10 మెగాహెర్ట్జ్‌ని పీడబ్ల్యూఎం డివైడర్‌కి వాడతాను. మీరు కట్టేటట్టయితే ఫిల్టర్ సంగతి తర్వాత, రిఫరెన్స్‌కి కలిపే పై స్విచ్, గ్రౌండ్‌కి కలిపే కింది స్విచ్ ఆన్ రెసిస్టెన్స్‌లు ఒకేలా ఉన్నాయో లేదో ముందు కొలవండి.