ఒక్క ఓటు తేడా: ప్రధానమంత్రి పదవి ఎలా పోతుంది?

నమస్కారం. ఐదేళ్ల గడువు లోక్‌సభకే గాని ప్రధానమంత్రికి కాదు. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి కాబట్టి, సభలో మెజారిటీ ఉన్నంతకాలమే ఆ పదవి నిలుస్తుంది. అది ఆచరణలో ఎలా ఉంటుందో తెలియడానికి 1999 ఏప్రిల్ 17 నాటి లోక్‌సభను కాస్త నిదానంగా చూద్దాం.

జయలలిత నాయకత్వంలోని అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకోవడంతో, సభలో బలం నిరూపించుకోవాలని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రధాని అటల్ బిహారీ వాజపేయికి సూచించారు. ఇప్పుడు తెర మీద విశ్వాస తీర్మానం ఫలితం చూడండి: అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270.

ఆ 270లో రెండు ఓట్లను దగ్గరగా గమనించాలి. మొదటిది గిరిధర్ గమాంగ్‌ది. ఆయన అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి. అయితే శాసనసభ్యుడు కాని వ్యక్తి కూడా ఆరు నెలల వరకు ముఖ్యమంత్రిగా ఉండవచ్చు కనుక, కోరాపుట్ లోక్‌సభ సభ్యత్వాన్ని ఇంకా వదులుకోలేదు. ఆయన ఓటుపై అభ్యంతరం వచ్చినప్పుడు స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఆ నిర్ణయాన్ని ఆయన విజ్ఞతకే విడిచిపెట్టారు. రెండవది నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్‌ది. పార్టీ నిర్ణయాన్ని కాదని ఓటు వేసినందుకు ఆయన బహిష్కరణకు గురయ్యారు.

గమాంగ్ ఓటు వేయకపోతే లెక్క 269, 269గా సమానమయ్యేది. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు. ఓట్లు సమానమైనప్పుడు మాత్రం 100వ అధికరణం ప్రకారం నిర్ణాయక ఓటు ఆయనదే. బాలయోగి అమలాపురం నుంచి గెలిచిన తెలుగుదేశం సభ్యుడు, ఆ పార్టీ అప్పుడు వాజపేయి ప్రభుత్వాన్ని బయటి నుంచి సమర్థిస్తోంది. అయినా గమాంగ్‌ను ఆయన అడ్డుకోలేదు. సభాపతి స్థానానికి ఆయన తెచ్చిన ఆ గౌరవాన్ని తెలుగువారమైన మనం ఇంకా ఎక్కువగా తలచుకోవాలని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. అవిశ్వాస తీర్మానం ప్రతిపక్షం తెచ్చేది, దానికి కనీసం 50 మంది సభ్యులు మద్దతుగా లేచి నిలబడాలి. విశ్వాస తీర్మానం ప్రభుత్వమే పెట్టేది. లోక్‌సభలో ఇంతవరకు ఒక్క అవిశ్వాస తీర్మానమూ నెగ్గలేదు. 1993 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై వచ్చినది అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లతో వీగిపోయింది. ప్రభుత్వాలు పడిపోయింది విశ్వాస తీర్మానాల్లోనే: 1990 నవంబరులో వి.పి. సింగ్, 1997 ఏప్రిల్‌లో దేవెగౌడ, ఆ తరువాత వాజపేయి. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ ఓటింగు దాకా ఆగకుండానే రాజీనామా చేశారు. ఆయన తరువాత వచ్చిన చరణ్ సింగ్, కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించడంతో, సభను ఒక్కసారైనా ఎదుర్కోకుండానే ఆగస్టులో తప్పుకున్నారు.

ప్రధాని తన రాజీనామా లేఖను రాష్ట్రపతికి అందజేస్తారు, దానితో మంత్రిమండలి మొత్తం పదవి కోల్పోతుంది. అయితే దేశానికి ప్రభుత్వం లేని రోజంటూ ఉండకూడదు కాబట్టి, ప్రత్యామ్నాయం ఏర్పడే వరకు కొనసాగమని రాష్ట్రపతి కోరతారు. 1999లో మరొకరు మెజారిటీ కూడగట్టలేకపోవడంతో ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. ఆ వేసవిలో జరిగిన కార్గిల్ యుద్ధాన్ని నడిపింది ఒక్క ఓటుతో ఓడిన ఆ ఆపద్ధర్మ ప్రభుత్వమే. ఎన్నికల తరువాత అక్టోబరు 13న వాజపేయి మళ్లీ ప్రమాణస్వీకారం చేశారు.