ప్రతి పాత్రా ‘ఆయ్’ అనాల్సిందేనా? చర్చా కార్యక్రమం పూర్తి పాఠం

(ఒక సీరియల్‌లో భీమవరం వైపు రొయ్యల రైతు పాత్ర మాట్లాడే తీరుపై రేగిన గొడవ మీద జరిగిన చర్చ ఇది. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.)

సమన్వయకర్త: నమస్కారం. ఆ పాత్ర నోరు తెరిస్తే ‘ఆయ్’, మాట ముగిస్తే ‘అండి’. జనం మండిపడుతున్నారు. సూటిగా అడుగుతున్నా, ఇది గోదావరి యాసకి అవమానమా, కాదా? అందరికీ సమానంగా అవకాశం ఇస్తాం. ముందు మీరు చెప్పండి మేడమ్.

రచయిత్రి: అవమానం సంగతి తర్వాత. ఆ పాత్రలో అసలు మనిషే లేడు, నా బాధ అదీ. ఆయనది సొంత చెరువా, లీజు చెరువా? మేత అప్పు ఎంతుంది? రాసినవాళ్లకి తెలియదు. తెలియని చోటల్లా యాస కుక్కేశారు.

సీరియల్ రచయిత: మేడమ్, మేం రోజూ రాయాలి. పాత్ర రాగానే ఏ ఊరివాడో తెలియకపోతే...

రచయిత్రి: ఊరు తెలియడానికి యాస ఒక్కటే దారా?

సమన్వయకర్త: యాస దగ్గరికే వద్దాం. అవమానమని ఒప్పుకుంటారా?

సీరియల్ రచయిత: ఎలా ఒప్పుకుంటానండీ? నేనూ తణుకువాణ్ణే. ఇంట్లో మేం అలాగే—

రచయిత్రి: అందరితోనూ ఒకేలా మాట్లాడతారా మీరు? బ్యాంకు మేనేజరు దగ్గర ఒక గొంతు, చెరువు కాపలా కుర్రాడి దగ్గర ఇంకో గొంతు, బావమరిది దగ్గర మూడోది. అదే మనిషి! మీ రైతు ముగ్గురితోనూ ఒకటే పాట. ఇంకోటి వినండి. మా వైపు కొందరికి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. ‘తమరు పెద్దోరు, తమరికి చెప్పేంతటివాణ్ణా’ అన్నాడంటే ఆ ఇద్దరికీ ఇక మాటల్లేవని అర్థం. ఆ ‘తమరు’ ఎక్కడ పడాలో తెలిసినవాడే డైలాగు రాయాలి.

లెక్చరర్: ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పాలి. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ని గురజాడ 1909 నాటికి బాగా పెంచి తిరగరాశారు. అందులో గిరీశం ఇంగ్లీషు కలిపి కొట్టే కోతలు వేరు, అగ్నిహోత్రావధాన్లు కేకలు వేరు. పేర్లు మూసేసి చదివినా ఎవరి మాటో—

రచయిత్రి: అదే నేననేది! పేరు మూసినా మాట పట్టివ్వాలి. మీ సీరియల్లో పేర్లు మూస్తే రైతు ఎవరో, పాలేరు ఎవరో చెప్పగలరా?

లెక్చరర్: నేను పూర్తి చెయ్యలేదండీ. అది విజయనగరం వైపు మాట. మన వైపు పొలమూరులో పుట్టిన కథకుడు శ్రీపాద—

సమన్వయకర్త: మాస్టారూ, మళ్లీ వస్తాను. మరి కోనసీమ యాస వేరు, పశ్చిమ యాస వేరు అంటున్నారు. 2022లో కోనసీమ వేరే జిల్లా కూడా అయింది. అమలాపురం మాట భీమవరం పాత్రకి పెడితే అది అవమానం కాదా?

లెక్చరర్: జిల్లా గీతకీ మాటకీ సంబంధం లేదండి. ఏటికి అటూ ఇటూ పెళ్లి సంబంధాలు—

రచయిత్రి: మళ్లీ యాసేనా? ఇక్కడ రైతుని కూర్చోబెట్టి ఒక్క మాటా అడగరేంటండీ?

సమన్వయకర్త: అడుగుదాం. బాబాయిగారూ, ఆ పాత్ర చూసి మీకు అవమానం అనిపించిందా?

రైతు: అవమానమేం లేదు బాబూ. రాత్రిపూట కరెంటు పోతే ఆ కబుర్లన్నీ చెప్పే ఓపిక ఎవరికుంటుంది? చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేలోగా ఆక్సిజన్ పడిపోద్ది, రొయ్య పైకి తేలిపోద్ది. ఫోన్ తీసి ‘జనరేటర్ వేశావా’ అంటాం. అంతే. అసలు కౌంటు ధర, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద ఇచ్చే ధర గురించి ఎవరూ మాట్లాడరు. కిలోకి వంద తూగే రొయ్యకీ ముప్పై తూగే దానికీ ఎంత తేడా! జబ్బు భయానికి ముందే పట్టుబడి చేసి రొయ్య తీసేస్తే—

సమన్వయకర్త: ధర ఎవరు నిర్ణయిస్తున్నారు?

రైతు: కొనేవాళ్లే. మాకేముంది చేతిలో?

రచయిత్రి: ఆగండాగండి, సీను ఆయన చెప్పేశారు! కరెంటు పోయింది. భార్య ‘అన్నం పెట్టనా?’ అంది. ఆయన ఫోన్లో ‘డీజిల్ ఎంతుంది?’ అన్నాడు. ఆమె ఇంకేం అడగలేదు, కంచం మీద మూత పెట్టింది. ‘ఆయ్’ లేదు, ‘అయ్యో నా చెరువు’ లేదు. అడిగినదానికి జవాబు రాలేదు. ఇంట్లో మనం మాట్లాడుకునేది ఇలాగే కదా! ఈ రైతుని నేను నమ్ముతాను.

సీరియల్ రచయిత: నన్నొక్క నిమిషం మాట్లాడనివ్వండి. సీరియల్ని చాలామంది చూడరు, వింటారు. వంటింట్లో పని చేసుకుంటూ వింటారు. కంచం మీద మూత వాళ్లకేం వినపడుతుంది? అందుకే పాత్ర మనసులో ఉన్నదంతా బయటికి—

రచయిత్రి: మూత చప్పుడు వినపడుతుంది! వంటింట్లో ఉన్నావిడకి ఆ చప్పుడు మీరు నేర్పాలా?

సీరియల్ రచయిత: కథకి సరిపోతుందేమో. రోజువారీ—

రచయిత్రి: రోజువారీ అయితే మనిషి మారిపోతాడా?

లెక్చరర్: ఆయన చెప్పినదాంట్లో కూడా విషయం ఉంది. విని తెలుసుకునే కళకి—

సమన్వయకర్త: మాస్టారూ, సమయం లేదు. చివరిగా ఒక్క ముక్కలో, అవమానమా, కాదా? మేడమ్?

రచయిత్రి: ఒక్క ముక్కలో చెప్పను. రాసేవాళ్లు వెళ్లి రెండు రాత్రులు చెరువు గట్టు మీద కూర్చోండి. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో వినండి, ఏం మాట్లాడకుండా మింగేస్తున్నారో కూడా వినండి. తర్వాత కావాలంటే ఒక ‘ఆయ్’ పెట్టుకోండి, నేనే మెచ్చుకుంటాను.

సీరియల్ రచయిత: నేను గట్టు మీద కూర్చోలేదని ఎవరన్నారు మీకు? మా నాన్న—

సమన్వయకర్త: అంటే మేడమ్ కూడా అవమానమనే అంటున్నారు—

రచయిత్రి: నేనలా అనలేదు!

సమన్వయకర్త: విరామం తర్వాత మళ్లీ ఇదే అంశం మీద, ఫోన్ కాల్స్‌తో.