కోడ్ తెరిచే ఉంది, చూస్తున్నదెవరు?

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్న మనలో ఓపెన్ సోర్స్ మీద, అంటే ఎవరైనా చదివి వాడుకోగల కోడ్ మీద, ఆధారపడనివాళ్ళు ఉండరు. ఒక ప్యాకేజీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఇన్‌స్టాల్ చేస్తే దాని వెంట పదులు, ఒక్కోసారి వందల ప్యాకేజీలు దిగుతాయి. వాటిని రాసినవాళ్ళెవరో మనకు తెలియదు. అయినా నమ్ముతాం. కోడ్ అందరి ముందే ఉంది కదా, ఎవరో ఒకరు చూసే ఉంటారులే అని ధీమా. ఆ "ఎవరో ఒకరు" నిజంగా ఉన్నారా అన్నదే ఈ రోజు నేను అడగదలచుకున్న ప్రశ్న.

2024 మార్చిలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, డెబియన్ అనే లైనక్స్ నడిచే తన మెషీన్ మీద ఏదో వేగం కొలుస్తున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువ సీపీయూ వాడుతున్నట్టు కనిపించింది. 0.3 సెకన్లలో అయ్యే పనికి 0.8 సెకన్లు పడుతోంది. అర సెకను తేడా. మనలో చాలామంది పట్టించుకోం. ఆయన తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొడ్డిదారి పెట్టారని తేల్చి, మార్చి 29న లోకానికి చెప్పారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో అది ఉంది. పెద్ద లైనక్స్ పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. చేరి ఉంటే, ఒక రహస్య తాళంచెవి చేతిలో ఉన్నవాడు లెక్కలేనన్ని సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండా దూరిపోయేవాడు.

అయితే ఆ కోడ్ ఎంత తెలివైనదన్నదానికన్నా, అది లోపలికి ఎలా వచ్చిందన్నదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. "జియా టాన్" అనే పేరుతో ఒకరు 2021లో ఎక్స్‌జెడ్‌కు చిన్న చిన్న ప్యాచ్‌లు (కోడ్‌లో మార్పులు) పంపడం మొదలుపెట్టారు. మంచి ప్యాచ్‌లే. మరుసటి ఏడాది, అంతకుముందు ఎవరూ వినని పేర్లతో కొందరు మెయిలింగ్ లిస్టులోకి వచ్చి మెయింటెయినర్ మీద, అంటే ఆ ప్రాజెక్టును చూసుకునే మనిషి మీద, ఒత్తిడి పెట్టారు. ప్యాచ్‌లు ఇన్నాళ్ళు ఎందుకు పడి ఉన్నాయి, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించొచ్చు కదా అని. మెయింటెయినర్ దాచుకోకుండా జవాబిచ్చారు: ఎంతో కాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదు, పైగా ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అని. ఆ జవాబు చదివాక కూడా వాళ్ళు ఆగలేదు. చివరికి జియా టాన్‌కు కోడ్‌ను నేరుగా మార్చే హక్కులు దక్కాయి. 2023 వచ్చేసరికి విడుదలలు కూడా ఆ చేతుల మీదుగానే జరిగాయి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంటివాడు కావడానికే రెండేళ్ళకు పైగా పనిచేశాడు. వాడు వాడుకున్న లోపం ప్రోగ్రాంలో లేదు. ఒక మనిషి అలసటలో ఉంది.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ దొడ్డిదారిని తెరిచే బిల్డ్ స్క్రిప్ట్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే సూచనలు) గిట్ రిపాజిటరీలో, అంటే అందరూ కోడ్ చదివే చోట, లేనే లేదు. విడుదల కోసం తయారుచేసిన టార్‌బాల్ అనే ఫైళ్ళ కట్టలో మాత్రమే ఉంది. అసలు విషం టెస్ట్ ఫైళ్ళ రూపంలో రిపాజిటరీలోనే ఉంది, కానీ పాడైన కంప్రెస్డ్ ఫైలును తెరిచి చదివేదెవరు? అంటే గిట్‌లో ప్రతి లైనూ శ్రద్ధగా చదివినవాళ్ళకు కూడా అది దొరికేది కాదు. మనం చదివే కోడ్, మన మెషీన్ మీద నడిచే కోడ్ ఒకటేనని అనుకుంటాం. ఆ రెండింటి మధ్య దూరంలోనే దాడి జరిగింది. ఒకే సోర్స్ నుంచి ఎవరు బిల్డ్ చేసినా బైటు బైటుకూ అదే ఫలితం రావాలని డెబియన్ లాంటి ప్రాజెక్టులు ఏళ్ళ తరబడి కష్టపడుతున్నది ఆ దూరాన్ని తగ్గించడానికే. టార్‌బాల్‌ను పక్కనపెట్టి నేరుగా గిట్ నుంచే బిల్డ్ చేస్తే ఇంకా మేలు.

దురుద్దేశం లేకపోయినా ఇదే కథ. హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపానికి కారణమైన కోడ్ 2011 డిసెంబర్ 31న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో చేరింది. బయటపడింది 2014 ఏప్రిల్‌లో. వెబ్‌లో పెద్ద భాగం దాని మీదే నడుస్తుండగా, ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దరిదాపుల్లో ఉండేవి. కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంది, చూడడం మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు.

దీన్ని విని, అందుకే ఓపెన్ సోర్స్ వద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2020లో బయటపడ్డ, సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద దాడి మూసి ఉన్న కోడ్‌లోనే జరిగింది. కంపెనీ సంతకంతో వచ్చిన అప్‌డేట్‌ను దాదాపు 18,000 మంది కస్టమర్లు తీసుకున్నారు. ఎక్స్‌జెడ్ విషయంలో ఒక బయటి మనిషి, ఎవరి అనుమతీ అడగకుండా, అనుమానం వచ్చిన చోటల్లా తవ్వగలిగారు. ఆ హక్కు చాలా విలువైనది. దాన్ని వాడేవాళ్ళే తక్కువ.

మన స్థాయిలో చేయగలిగినవి ఉన్నాయి. లాక్‌ఫైల్‌ను (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైలు) రిపాజిటరీలో పెట్టి, అది మారినప్పుడు ఏం మారిందో చూడండి. ఇన్‌స్టాల్ సమయంలో వాటంతట అవే నడిచే స్క్రిప్టులను ఆపేయండి. కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించుకోవద్దు, కొద్ది రోజులు ఆగండి. 2025 సెప్టెంబర్‌లో ఒక మెయింటెయినర్‌ను నకిలీ మెయిల్‌తో బురిడీ కొట్టించి, ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారంలోని చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లోకి విషం ఎక్కించారు. కొన్ని గంటల్లోనే పట్టుకున్నారు. ఆగినవాళ్ళకు ఏమీ కాలేదు. కానీ 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు అలా ఆగి ఉంటే కొంప మునిగేది. కాబట్టి భద్రత కోసం వచ్చిన అప్‌డేట్‌ను వేరుగా గుర్తించి వెంటనే ఎక్కించే ఏర్పాటు కూడా ఉండాలి. రెండూ ఒకే రూలుతో నడవవు.

ఇవన్నీ చేసినా, మెయింటెయినర్ ఒంటరిగా మిగిలితే గోడలో కంత ఉన్నట్టే. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని, తాను వాడడమే మానేసిన మెయింటెయినర్, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించారు. ఆ కొత్త వ్యక్తి ఒక బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌లో మాత్రమే పనిచేసేలా దొంగ కోడ్‌ను దాచాడు. బయటపడ్డాక చాలామంది ఆ పాత మెయింటెయినర్ మీద విరుచుకుపడ్డారు. ఆయన చేతిలో ఆ భారం ఉన్నన్నాళ్ళూ పంచుకుంటామని ముందుకొచ్చినవాళ్ళు ఎంతమంది?

మీ కంపెనీ వాడే డిపెండెన్సీల్లో (ఆధారపడే ప్యాకేజీల్లో) ఒకే ఒక్క మనిషి మోస్తున్నవి ఏవో లిస్టు తీయండి. వాటిలో కొన్నింటికి ప్రతి నెలా డబ్బు పంపమని మేనేజర్‌ను అడగండి. డబ్బు కుదరకపోతే ఒక ఇంజినీర్ టైమ్ ఇప్పించండి. వచ్చిన ప్యాచ్‌లను చదివి రివ్యూ చేయడం, బగ్ రిపోర్టులను సరిచూడడం కొత్త ఫీచర్ రాయడం కన్నా ఎక్కువ ఉపయోగం. ఇక మీరు పెట్టిన ఇష్యూకు (సమస్య గురించిన ఫిర్యాదుకు) వారాల తరబడి జవాబు రాకపోతే, "ప్రాజెక్టు చచ్చిపోయిందా?" అని రాసే ముందు ఎక్స్‌జెడ్ మెయింటెయినర్‌కు వచ్చిన మెయిళ్ళను ఒకసారి చదవండి. కావాలని దాడి చేసినవాళ్ళ మాటలకూ, మనం విసుగులో రాసే మాటలకూ తేడా కనిపెట్టడం కష్టం.

ధన్యవాదాలు. ప్రశ్నలుంటే అడగండి.