క్యాన్సర్ బిళ్లకి మొహం మీద పొక్కులెందుకు?

[గుంటూరు బ్రాడీపేట. పొద్దున్నే, ఇంటి వరండా. అరుగు మీద మందుల డబ్బా.]

నమస్తే అండి. ఇది మా బాబాయి వాళ్లిల్లు. ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. పొగ అలవాటు లేదు. జన్యు పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు కనిపించిందని డాక్టర్ గారు రోజుకొక బిళ్ల రాశారు. రెండో వారానికి ముక్కు పక్కన, గడ్డం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు లేచాయి. పక్కింటివాళ్లు "మందు వేడి చేసింది" అన్నారు. "ఈ బిళ్ల నాకు పడట్లేదురా" అంటూ బాబాయి రెండు రోజులు మానేశారు. ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిశాక భయమేసింది. అందుకే ఈ వీడియో.

[బొమ్మ: చర్మం అడ్డుకోత. అడుగు వరస కణాలు మెరుస్తాయి.]

మన పైచర్మం అడుగున మూలకణాలుంటాయి. అవి ఒక్కోటి రెండుగా విడిపోతుంటే, కొత్త కణాలు పైకెక్కి చర్మమవుతాయి. ఎప్పుడు విడిపోవాలో వాటికి కబురు రావాలి. ఆ కబురు మోసే ప్రోటీన్లే గ్రోత్ ఫ్యాక్టర్లు.

స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కించారు. దాదాపు రెండు వారాలకి తెరవాల్సిన కళ్లు వారానికే తెరిచాయి! ఆ రసంలో ఉన్నదే ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్. 1986లో ఆయనకి, రీటా లెవీ మోంటాల్చినీకి కలిపి నోబెల్ ఇచ్చారు.

[బొమ్మ: కణం పైపొరలో రెండు రిసెప్టర్లు దగ్గరవుతాయి.]

ఈజీఎఫ్‌ని అందుకునే రిసెప్టర్ పేరే ఈజీఎఫ్ఆర్. సగం కణం బయట, సగం లోపల ఉంటుంది. బయట ఈజీఎఫ్ వచ్చి కూర్చోగానే రెండు రిసెప్టర్లు జతకట్టి, లోపలి తోకలకి ఫాస్ఫేట్ అంటించుకుంటాయి. ఆ ఫాస్ఫేట్ ఇచ్చేది ఏటీపీ, కణాలకి శక్తినిచ్చే పదార్థం. 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి దాన్ని గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన్ని తలుచుకోకుండా ఈ కథ చెప్పలేను. ఫాస్ఫేట్ అంటిన రిసెప్టర్ నుంచి కబురు రాస్ అనే ప్రోటీన్ మీదుగా కేంద్రకానికి చేరుతుంది. కణం విడిపోతుంది. పనయ్యాక రాస్ తనంతట తానే ఆగిపోతుంది, రిసెప్టర్‌ని కణమే లోపలికి లాగేసుకుంటుంది.

బాబాయి కణితిలో జరగనిది ఈ ఆగడమే. జన్యువులో చిన్న మార్పు వల్ల, ఈజీఎఫ్ రాకపోయినా రిసెప్టర్ కబురు పంపుతూనే ఉంటుంది.

బిళ్ల ఏం చేస్తుందంటే, రిసెప్టర్ లోపలి భాగంలో ఏటీపీ కూర్చునే చోట తను కూర్చుంటుంది. ఇక ఫాస్ఫేట్ అందదు, కబురు తెగుతుంది. కానీ చర్మం మూలకణాలకీ అదే రిసెప్టర్ ఉంది కదా! మందు అక్కడా కొంత అడ్డుపడుతుంది. చర్మం పలచబడి, వాచి, పొక్కులొస్తాయి. కొందరికి విరేచనాలు కూడా అవుతాయి, పేగు లోపలి పొరకీ ఈ కబురు కావాలి కాబట్టి.

అందుకే, దయచేసి బిళ్ల సొంతంగా ఆపకండి. పొక్కులు కనిపించిన రోజే డాక్టర్‌కి చెప్పండి. పూతమందు, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు, డోసు మార్చాలో లేదో వాళ్లే చూస్తారు. కొత్తగా దగ్గు, ఆయాసం మొదలైతే మాత్రం ఆ పూటే ఫోన్ చేయండి. అది ఊపిరితిత్తుల వాపు కావచ్చు.

[బాబాయి గేటు తీసుకుని లోపలికి వస్తారు.]

మన గుంటూరు ఎండ ఈ పొక్కులకి అస్సలు మంచిది కాదు. అందుకే బాబాయి ఇప్పుడు ఆరున్నరకల్లా నడక ముగించుకుని వచ్చేస్తున్నారు. గడ్డం మీద ఎరుపు తగ్గింది. ఇవాల్టి బిళ్ల ఇంకా వేసుకోలేదు, నీళ్లు తెచ్చిస్తాను.