నివురుగప్పిన పొరుగువాళ్లు

అందరికీ నమస్కారం.

సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న నాలుగు నక్షత్ర వ్యవస్థలేవని 2012లో ఏ ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి అడిగినా రెండు పేర్లు తప్పు చెప్పేవారు. ఆల్ఫా సెంటారీ, బర్నార్డ్ నక్షత్రం వరకు సరే. మూడు, నాలుగు స్థానాల్లో ఎవరున్నారో అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. మూడోది 2013లో బయటపడింది, దూరం ఆరున్నర కాంతి సంవత్సరాలు. నాలుగోది 2014లో, సుమారు 7.4 కాంతి సంవత్సరాల దూరంలో. రెండూ గోధుమరంగు మరుగుజ్జులే, రెండూ ఖగోళ శాస్త్రజ్ఞుడు కెవిన్ లూమన్ కంటపడినవే. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీలను ఫొటోలు తీసిన మనం గోడ పక్కవాళ్లను పోల్చుకోలేకపోయాం. ఈ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

అసలు ఇవేమిటి? వాయు మేఘం తన బరువుకు తానే కుంగి ముద్దకడుతుంది. లోపల వేడి పెరుగుతుంది. ఆ ముద్ద బరువు గురుగ్రహానికి దాదాపు 75 రెట్లు దాటితే హైడ్రోజన్ సంలీనం (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం) రాజుకుని నక్షత్రం అవుతుంది. అంత బరువు లేకపోతే, కావలసిన వేడి పుట్టకముందే లోపలి ఎలక్ట్రాన్లు ఇంకా దగ్గరికి జరగమని మొరాయిస్తాయి, కుంగడం ఆగిపోతుంది. అదే గోధుమరంగు మరుగుజ్జు. ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు శివ్ కుమార్ 1960ల మొదట్లోనే ఈ లెక్క కట్టారు. 'బ్రౌన్ డ్వార్ఫ్' అన్న పేరు 1975లో ఖగోళ శాస్త్రజ్ఞురాలు జిల్ టార్టర్ పెట్టారు. రంగు విషయంలో ఆ పేరును నమ్మకండి, వీటిలో గోధుమరంగేమీ లేదు. పుట్టినప్పుడు దక్కిన వేడిని ఖర్చుపెట్టుకుంటూ కోట్ల ఏళ్లపాటు చల్లారుతూ పోతాయి. నివురుగప్పిన నిప్పు అంటాం చూడండి, అచ్చం అదే.

నివురు కింది నిప్పును కంటితో చూడలేం, చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తుంది. 2009 డిసెంబరులో నింగికెగిరిన వైజ్ ఉపగ్రహం చేసింది ఆ పనే. దాని అద్దం 40 సెంటీమీటర్లే, కానీ అది పరారుణ కాంతిని చూస్తుంది. చల్లని మరుగుజ్జుల్లోని మీథేన్ 3.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని మింగేస్తుంది, 4.6 దగ్గర వదిలేస్తుంది. వైజ్ ఈ రెండు చోట్లా ఫొటోలు తీసింది. ఒక ఫొటోలో మసకగా, రెండోదాంట్లో వెలుగుతూ కనిపించే చుక్క దొరికితే అనుమానించాల్సిందే. లూమన్ ఇంకొక ఆనవాలు పట్టుకున్నారు: కదలిక. నెలల తేడాతో తీసిన ఫొటోల్లో జరిగిన చుక్క దగ్గరిదై ఉండాలి. అలా దొరికిన మూడో పొరుగుది, లూమన్ 16, ఒకటి కాదు, జంట. తిరగేసి చూస్తే అది 1978 నాటి ఫొటోలోనూ ఉంది! పాలపుంత తలం దగ్గర, నక్షత్రాల గుంపులో కలిసిపోయి, 35 ఏళ్లు ఎవరి దృష్టిలోనూ పడలేదు.

నాలుగో పొరుగుది, వైజ్ 0855, మరీ విచిత్రం. దాని ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయి చుట్టుపక్కలే, బహుశా ఇంకా కిందే. లూమన్ జంటలో ఇసుక రేణువుల్లాంటి సిలికేట్ల మబ్బులు ఉండగలిగినంత వేడి ఉంది. ఇక్కడ మాత్రం నీటి మంచు మబ్బులుండవచ్చు. బరువు గురుగ్రహానికి 3 నుంచి 10 రెట్లు అని అంచనా. ఇంత వెడల్పు అంచనా ఎందుకంటే, వయసు తెలియనిదే బరువు తేలదు. చిన్నది త్వరగా చల్లారుతుంది, పెద్దది నెమ్మదిగా. ఈ రోజు రెండూ ఒకే వేడితో ఉండవచ్చు. చుట్టూ తిరగడానికి ఏ సూర్యుడూ లేని దీన్ని గ్రహమనాలా, మరుగుజ్జు అనాలా? నా మటుకు నాకు పేరుకన్నా ఆ మబ్బుల మీదే మనసు.

బరువు విషయంలో ఇంకొక కథ చెప్పి ముగిస్తాను. గ్లీస్ 229బి 1995లో వెల్లడైంది, సందేహానికి తావులేని తొలి మరుగుజ్జుల్లో ఒకటి. 19 కాంతి సంవత్సరాల దూరం. తన నక్షత్రాన్ని లాగే తీరును బట్టి బరువు కడితే గురుగ్రహానికి సుమారు 70 రెట్లు వచ్చింది. అంత బరువున్నది ఇంత మసకగా ఉండకూడదు. లెక్క తప్పా, సిద్ధాంతం తప్పా అని తలలు పట్టుకున్నారు. 2024లో తెలిసింది, అక్కడున్నవి రెండు: ఒకటి సుమారు 38 గురుగ్రహాల బరువు, ఇంకొకటి 34. పన్నెండు రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టివస్తున్నాయి. అందరూ ఎక్కువగా పరిశీలించిన మరుగుజ్జు పక్కనే రెండోది దాదాపు ముప్పై ఏళ్లు దాక్కుంది.