జీతాల షీటు దగ్గర కూర్చుంటే కంపెనీ ఎలా కనిపిస్తుంది?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ మనతో ఒక అక్క ఉన్నారు. తన పేరు చెప్పొద్దన్నారు, కంపెనీ పేరైతే అసలే చెప్పొద్దన్నారు. మాదాపూర్‌లో ఇళ్లకి సరుకులు చేరవేసే ఒక స్టార్టప్‌లో హెచ్ఆర్ పని, జీతాల పని చూశారు. నలభై మంది ఉన్నప్పుడు చేరారు, నాలుగు వందలు దాటాక బయటికొచ్చారు. అక్కా, సూటిగా అడిగేస్తా. డబ్బుంది, తెలివైన వాళ్లున్నారు. మరి అంత గందరగోళం ఎందుకు?

గెస్ట్: తెలివైన వాళ్లుండటమే సగం కారణం తమ్ముడూ. నలభై మందికి కాగితాలతో పనేముంది? ఏ వెండర్‌కి ఎంత బాకీ ఉందో ఒకరికి నోటికి వచ్చు. గోడౌన్ తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఇంకొకరికి తెలుసు. కేకేస్తే పలుకుతారు. అందుకని ఎవరూ ఏదీ రాసిపెట్టలేదు. ఫండింగ్ రాగానే వారం వారం కొత్తవాళ్లు దిగారు. వాళ్లకి ఏం తెలుస్తుంది? అడగాలి. అడుగుదామని వెళ్తే ఆ మనిషి ఎప్పుడూ మీటింగ్‌లోనే.

హోస్ట్: 2021 సంగతేనా?

గెస్ట్: ఆ, అప్పుడే. ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో నలభైకి పైగా కంపెనీలు వంద కోట్ల డాలర్ల విలువ దాటాయి. ఎక్కడ చూసినా రిక్రూట్‌మెంటే. నువ్వు ఇంజనీరువి కదా, ఒక లెక్క చెప్తా. పది మంది ఉంటే ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 45. వంద మంది అయితే 4,950. మనుషులు పదింతలయ్యారు, జతలు నూట పదింతలయ్యాయి. ఐబీఎంలో ఓఎస్/360 ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలో కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని. మా దగ్గర పని ఆగిందంటే మాత్రం మందు ఒక్కటే, "ఇంకో పది మందిని తీసుకో".

హోస్ట్: మీ సోమవారాలు ఎలా ఉండేవి? కొత్తవాళ్లు చేరేది ఆ రోజే కదా.

గెస్ట్: అబ్బో. వరంగల్ నుంచి, విజయవాడ నుంచి పిల్లలు తెల్లవారుజామున బస్సు దిగి, ఫ్రెండ్ రూమ్‌లో స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తొమ్మిదికల్లా రిసెప్షన్‌లో ఉండేవాళ్లు. లాప్‌టాప్‌లు ఉండేవి కావు. "ఇవాళ ఇండక్షన్ అమ్మా" అని చెప్పి పాంట్రీలో కూర్చోబెట్టి, ఎవరి ఫోన్‌లో వాళ్లని ఫారాలు నింపమనేదాన్ని. ఒకసారి ఒకే పోస్టుకి ఇద్దరు మేనేజర్లు ఇద్దరికి ఆఫర్ ఇచ్చేశారు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే సోఫాలో కూర్చున్నారు. మాటల్లో తెలిసింది వాళ్లకి, మాకంటే ముందు.

హోస్ట్: అయ్యో! ఏం చేశారు మరి?

గెస్ట్: రెండోవాడి కోసం అక్కడికక్కడ ఒక పోస్టు పుట్టించాం. డబ్బున్న రోజులు కాబట్టి చెల్లింది. తర్వాత లేఆఫ్ లిస్టు తయారైనప్పుడు అతని పేరే ముందు వచ్చింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే. తప్పు పైవాళ్లది, ఉద్యోగం పోయింది మాత్రం సోఫాలో కూర్చున్న వాడిది.

హోస్ట్: మేనేజర్లు కూడా గబగబా మారిపోయేవాళ్లా?

గెస్ట్: ఒకబ్బాయి మేనేజర్ మానేశాడు. కొత్త పేరు సిస్టమ్‌లో ఎవరూ ఎక్కించలేదు. ఈ అబ్బాయి చెల్లెలి పెళ్లికి లీవ్ పెట్టాడు. అది ఆ వెళ్లిపోయినాయన మెయిల్‌కి పోయింది. అక్కడ దిక్కు లేక ఫౌండర్‌కి వెళ్లింది. ఆయన దగ్గర అలాంటివి అప్పటికే కుప్పలు. చివరికి అబ్బాయి చెప్పాపెట్టకుండా పెళ్లికి వెళ్లాడు. ఇటు సిస్టమ్ అతనికి జీతం కోసింది. నేను మళ్లీ కలిపాను అనుకో.

హోస్ట్: గూగుల్‌లో కూడా ఇలాంటిదే జరిగిందని ఎక్కడో చదివాను.

గెస్ట్: 2002లో. ఇంజనీర్ల మీద మేనేజర్లే వద్దని తీసేశారు. కొన్ని నెలలే సాగింది. ఖర్చుల బిల్లులు, ఇద్దరి మధ్య తగాదాలు, అన్నీ నేరుగా కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన లారీ పేజ్ దగ్గరికి వెళ్లడం మొదలయ్యేసరికి మేనేజర్లని మళ్లీ తెచ్చుకున్నారు. అయితే వాళ్లు కావాలని చేసి చూశారు. మా దగ్గర అది దానంతటదే జరిగిపోయింది, జరిగినట్టు కూడా ఎవరికీ తెలీదు.

హోస్ట్: జీతాల సంగతికి రండి. వినేవాళ్లందరికీ అదే కావాలి.

గెస్ట్: జీతాలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఇదే ఫైనల్" అని మూడు ఫైళ్లు. ఒక నెల ఫైనాన్స్ కుర్రాడు పేర్ల కాలమ్ ఒక్కటే అక్షర క్రమంలో పెట్టాడు. పక్కనున్న అంకెల కాలమ్ కదల్లేదు. పేర్లన్నీ చక్కగా ఉన్నాయి, జీతాలు మాత్రం ఎవరెవరివో. బ్యాంకుకి పంపేముందు ఆఫీస్ బాయ్ పేరు పక్కన లక్షా నలభై వేలు చూసి ఆపాం. అది కంటికి కొట్టింది కాబట్టి సరిపోయింది. ఇరవై ఎనిమిది వేలకీ ముప్పై వేలకీ మధ్య తారుమారైతే ఎవరు చూస్తారు?

హోస్ట్: పీఎఫ్, అదే జీతంలోంచి నెలనెలా పక్కకి పోయే పొదుపు, దాని గోల కూడా ఉంటుందంటారు.

గెస్ట్: దాని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నష్టం ఎక్కువ జరిగేది అక్కడే. పది మంది అయితే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, ఇరవై అయితే పీఎఫ్, యాభై అయితే పిల్లల కోసం క్రెష్, ఇలా తల లెక్క పెరిగేకొద్దీ చట్టం ఒక్కొక్కటీ అడుగుతుంది. ఎదిగే కంపెనీకి ఆ గీత ఎప్పుడు దాటిందో తెలీదు. పీఎఫ్ డబ్బు పక్క నెల 15లోపు కట్టాలి. ఇక మన తెలుగువాళ్ల పేర్లు! ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో చివర, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒట్టి ఇనీషియల్. కేవైసీ, అంటే గుర్తింపు వివరాలు, సరిపోదు, యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, కలవదు. ఒక్కొక్కరి వెనకా పడి దిద్దించాలి. వారానికి ఇద్దరు చేరితే చేయొచ్చు. యాభై మంది చేరితే, "తర్వాత చూద్దాం" అనేస్తారు.

హోస్ట్: ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

గెస్ట్: వస్తుంది, వాడు ఉద్యోగం మానేసి డబ్బు తీసుకుందామని చూసిన రోజు వస్తుంది. గోడౌన్ పిల్లలకి అదే పెద్ద పొదుపు. ఆఫీస్‌లో వాళ్లైతే మెయిళ్ల మీద మెయిళ్లు పెడతారు, గోడౌన్ వాడు నాలుగుసార్లు ఫోన్ చేసి ఊరుకుంటాడు.

హోస్ట్: చిన్న కంపెనీ కాబట్టి ఇలా అనుకోవచ్చా?

గెస్ట్: సైజుతో పని లేదు. ఆన్‌లైన్ పాఠాలు చెప్పే బైజూస్ చూడు. 2021 మార్చితో ముగిసిన ఏడాది ఆడిట్ లెక్కలు 2022 సెప్టెంబరులో బయటికొచ్చాయి. 4,588 కోట్ల నష్టం. ఆ పై ఏడాది జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. కంపెనీల మీద కంపెనీలు కొన్నవాళ్లు లెక్కలు మాత్రం టైముకి ఇవ్వలేకపోయారు.

హోస్ట్: ఇంత చెప్పారు కదా, మరి అంతకాలం ఎలా ఉన్నారక్కా?

గెస్ట్: బాగుండేది కాబట్టి! నిజంగా. నాకంటే పదేళ్లు పెద్దవాళ్లు చేసే పని నా చేతికొచ్చింది. పీఎఫ్ ఇన్‌స్పెక్షన్‌కి నేనే కూర్చున్నా. రాత్రి పదకొండుకి అందరం కలిసి రోడ్డు మీద దోసె తింటూ తిట్టుకునేవాళ్లం, పొద్దున మళ్లీ వెళ్లేవాళ్లం. నాకు నచ్చనిదల్లా, ఊడిపోతున్న పనులన్నీ రోజూ పట్టుకుని కూర్చునే వాళ్ల పేరు అప్రైజల్‌లో ఉండదు. కొత్త ఊళ్లో సర్వీస్ మొదలుపెట్టినవాడికి స్టేజీ మీద బొకే. ఆ ఊళ్లో జీతాలు పడేలా చూసినమ్మాయికి "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్", అంటే పర్వాలేదు అని.

హోస్ట్: ఇప్పుడు అలాంటి చోట చేరబోయేవాళ్లు ఏం అడగాలి?

గెస్ట్: ఈ పోస్టులో నాకంటే ముందు ఎవరున్నారు, ఎందుకెళ్లారు, నా మేనేజర్ చేరి ఎన్నాళ్లయింది. ఇవి అడుగు. ఈసాప్స్, అంటే ఉద్యోగులకిచ్చే కంపెనీ షేర్లు, ఇస్తామంటే నోటి మాట నమ్మకు, గ్రాంట్ లెటర్ చేతికి రావాలి. వచ్చినా మొదటి ఏడాది నిండేదాకా ఒక్క షేరు కూడా నీది కాదు. పీఎఫ్ పాస్‌బుక్ రెండో నెలలోనే తెరిచి చూడు, ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో కనిపిస్తుంది.

హోస్ట్: మానేశాక పాత కంపెనీ పట్టించుకోకపోతే? చాలామంది ఇదే అడుగుతున్నారు. పీఎఫ్‌లో డేట్ ఆఫ్ ఎగ్జిట్, అంటే మానేసిన తేదీ, ఎక్కించట్లేదంట.

గెస్ట్: దానికి వాళ్ల కాళ్లు పట్టుకోనక్కర్లేదు. మానేసిన రెండు నెలల తర్వాత పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో నువ్వే నమోదు చేసుకోవచ్చు, మేనేజ్ అనే చోట మార్క్ ఎగ్జిట్ అని ఉంటుంది. ఆధార్‌కి కలిపిన ఫోన్ నంబరు నీ దగ్గర ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. తేదీ మాత్రం ఆఖరి పీఎఫ్ పడిన నెలలోదే ఇవ్వాలి. ఒకసారి ఎక్కిస్తే మళ్లీ మార్చడం పెద్ద తలనొప్పి, కాబట్టి పాస్‌బుక్ పక్కన పెట్టుకుని చెయ్యి.